కషాయమూ ఒక అమానతే

చలికాలం వచ్చిందంటే మన ఇళ్లలో పొయ్యి మీదికి జోషాందా గిన్నె ఎక్కుతుంది. ఉన్నాబ్ పండ్లు, సపిస్తాన్, ములేఠీ, గావ్‌జబాన్ ఆకు, ఖత్మీ గింజలు, బనఫ్షా పువ్వులు... ఆ వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చిందంటే ఇంట్లో ఎవరికో జలుబు చేసిందని వచ్చిన చుట్టాలకు చెప్పకనే తెలిసిపోతుంది. మా చిన్నతనంలో కర్నూలులో మా అమ్మీ మట్టి పిడతలో జోషాందా కాచి, పలుచని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా చేతికిచ్చేవారు. 'బిస్మిల్లాహ్' అని కళ్లు మూసుకుని తాగేవాళ్లం. ఆ మందు మీద మాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. కాబట్టి ఈ వారం మేము రాయబోయే మాటలను, మన పెద్దల వైద్యాన్ని కించపరచడానికి రాసినవిగా ఎవరూ భావించవద్దని ముందుగానే మనవి చేస్తున్నాము.

గడచిన చలికాలంలో మా ఇంటనే జరిగిన సంగతి ఇది. మా ఆపాకు అరవై దాటాయి. చాలా కాలంగా బీపీ ఉంది. దానికోసం వాడే మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా ఒకటి. పొడి దగ్గు వదలడం లేదని ఆమె ఫోన్ చేస్తే, "జోషాందాలో ములేఠీ కాస్త ఎక్కువ వేసుకో ఆపా, బాగా మరిగించి పొద్దున, సాయంత్రం తాగు" అని చెప్పాము. మదర్సాలో చదివే రోజుల్లో మా ఉస్తాద్ గారి దగ్గర తిబ్ పాఠాలు కొన్ని విన్నవాళ్లం. ఆ ధైర్యంతో చెప్పాము. వారంలో దగ్గు తగ్గింది. గొంతుకు హాయిగా ఉందని ఆపా మాత్రం మానలేదు. రెండు నెలలు దాటాక కాళ్లు వాచాయి, బీపీ మాత్రలకు లొంగలేదు. నమాజులో సజ్దా నుంచి లేవడానికి కూడా కండరాల్లో సత్తువ లేకుండా పోయింది. డాక్టరు గారు రక్తం పరీక్ష చేయిస్తే పొటాషియం బాగా పడిపోయి ఉంది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని ఆయన అడిగితే, "ఏమీ లేవు డాక్టరు గారూ" అంది మా ఆపా. ఆమె అబద్ధమాడలేదు. ఆమె దృష్టిలో జోషాందా మందే కాదు, ఇంటి వస్తువు. పక్కన నిలబడ్డ కొడుకు గుర్తు చేయబట్టి అసలు విషయం బయటపడింది. ములేఠీ మానాక, వైద్యం జరిగాక, కొన్ని వారాల్లో కోలుకుంది. అల్‌హమ్దులిల్లాహ్. "నువ్వు మంచికే చెప్పావులే భయ్యా" అంది. ఆమె ఒక్క మాట అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ములేఠీ అంటే మనం తెలుగులో అతిమధురం అనే వేరు. దానికా తీపినిచ్చే పదార్థం పేరు గ్లిసిరైజిన్. అది మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అడ్డుకుని, ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపేస్తుంది, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. దాంతో బీపీ పెరుగుతుంది, కండరాలు బలహీనపడతాయి, మరీ ముదిరితే గుండె లయ తప్పుతుంది. నీళ్లు పోయే మాత్ర కూడా పొటాషియాన్ని తగ్గించేదైతే దెబ్బ మీద దెబ్బ. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ మించరాదని ఐరోపా ఆహార శాస్త్ర కమిటీ 2003లో సూచించింది. వేరులో నూటికి నాలుగు పాళ్లు ఉన్నదనుకుంటే, అయిదు గ్రాముల ముక్కలోనే 200 మిల్లీగ్రాములు ఉంటుంది. మరిగించినందువల్ల అది పోదు. పైగా ఎంత ఎక్కువసేపు మరిగిస్తే అంత ఎక్కువగా నీటిలోకి దిగుతుంది. "బాగా మరిగించి తాగు" అని మేము జాగ్రత్తగా చెప్పామనుకున్న మాటే హానికి తోడయింది.

ఇక్కడే మనలో చాలామందికి ఉన్న ఒక నమ్మకాన్ని పరిశీలించాలి. "మూలిక కదా, మరిగించాం కదా, ఇంకేం ప్రమాదం?" అంటాం. నిజానికి మరిగించడం అన్నింటికీ ఒకే విధంగా పనిచేయదు. కొన్నింటిలో విషాన్ని విరుస్తుంది. కొన్నింటిలో మందును చంపేస్తుంది. మరికొన్నింటిలో హాని చేసేదాన్నే గిన్నెలోకి లాగుతుంది.

మొదటి రకానికి నాభి దుంప ఉదాహరణ. యునానీలో దాన్ని బీష్ అంటారు. అందులోని అకోనిటిన్ గుండెను ఆపేయగల విషం. చైనా సంప్రదాయంలో దాని జాతి దుంపల్ని శుద్ధి చేసి, చాలాసేపు ఉడికించి గానీ వాడరు. అలా ఉడికినప్పుడు ఆ విషం నీటితో కలిసి విచ్ఛిన్నమై చాలా మేరకు బలం కోల్పోతుంది. ఉడికించే సమయం తగ్గినా, మోతాదు మించినా ప్రాణాల మీదికి వస్తుంది. 2017లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఒక మూలికల దుకాణం నుంచి తెచ్చిన ఆకులతో టీ కాచుకున్న ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ఒక మహిళ మరణించింది. టీలో బయటపడింది ఈ అకోనిటిన్ విషమే. ఇది ఇంట్లో ప్రయోగం చేసే వస్తువు కాదని వేరే చెప్పనక్కరలేదు.

రెండో సంగతి మన హకీములకు వెయ్యేళ్ల కిందటే తెలుసు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' రెండో గ్రంథంలో వండడం, నూరడం, కడగడం, కాల్చడం వల్ల మందుల గుణం ఎలా మారుతుందో ప్రత్యేకంగా చర్చించాడు. కొన్ని మందులకు గట్టిగా ఉడకడం అవసరమనీ, కొన్నింటికి మధ్యస్థంగా చాలుననీ, అఫ్తీమూన్ వంటివి ఎక్కువ ఉడికితే శక్తి పోగొట్టుకుంటాయనీ వివరించాడు. అందుకే హకీములు అఫ్తీమూన్‌ను గుడ్డలో పొట్లంగా కట్టి, చివర్లో కాసేపే గిన్నెలో వేయించేవారు. మరిగిస్తే అది జోషాందా, నానబెట్టి వడగడితే అది ఖీసాందా. ఈ రెండు పేర్లు ఊరికే పుట్టలేదు సుమా!

మూడో రకం గురించి మనం అసలు ఆలోచించం. మూలికలు చెమ్మలో నిల్వ ఉంటే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మామూలు మరుగుకు అది నశించదు. నేల నుంచి మూలికలోకి చేరిన సీసం వంటి లోహాలు కూడా మరిగినంత మాత్రాన ఆవిరైపోవు. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరిగే నీటికీ తట్టుకుని బతుకుతాయి. పొద్దున కాచిన కషాయాన్ని గిన్నెలోనే వదిలేసి మరునాడు వెచ్చజేసి తాగితే, అవి ఆ రాత్రంతా పెరిగి ఉంటాయి. ఏ పూటకు ఆ పూట తాజాగా కాచుకోవాలన్న మన పెద్దల నియమంలో ఎంత మేలుందో చూడండి.

అసలు సంప్రదాయం అంటే ఏమిటి? గిన్నెలో నాలుగు ఆకులు వేసి మంట పెట్టడమేనా? హకీం గారి నుస్ఖాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో ప్రతి మూలికకూ పక్కన మాషాల లెక్క ఉండేది. ఎనిమిది రత్తీలు ఒక మాషా, పన్నెండు మాషాలు ఒక తులం. మాషా అంటే ఇప్పటి లెక్కలో సుమారు ఒక గ్రాము. అయిదు మాషాలని రాస్తే అత్తారు దుకాణంలో త్రాసు మీద తూచి పొట్లం కట్టేవారు. ఎన్ని నీళ్లు పోయాలి, సగం మిగలాలా, మూడో వంతు మిగలాలా, ఎన్ని రోజులు తాగాలి అన్నవి కూడా చెప్పేవారు. అంతకు ముందు నాడి చూసి, మిజాజ్ ఏమిటో తెలుసుకునేవారు. ఇవాళ ఆ మాషాలు పోయాయి, 'గుప్పెడు' వచ్చింది. 'అయిదు రోజులు' పోయి 'రోజూ తాగితే మంచిది' వచ్చింది. నాడి చూసే హకీం స్థానంలో ఫోనులో వీడియో వచ్చింది. పేరు మాత్రం సంప్రదాయమే!

శుద్ధి సంగతి కూడా అంతే. ముష్టి గింజల్ని, అంటే కుచ్లాను, హకీములు రోజుల తరబడి నీళ్లు మార్చుతూ నానబెట్టి, పొట్టు, లోపలి మొలక తీసివేసి, పాలలో ఉడికించి గానీ మందులో కలిపేవారు కాదు. అలా శుద్ధి చేసినదాన్ని 'ముదబ్బర్' అంటారు. ఒక మందు వల్ల కలిగే చెడును సరిదిద్దడానికి జత చేసే మరో మందును 'ముస్లిహ్' అంటారు. సునాముఖి ఆకునే తీసుకోండి. సనా పేరుతో హదీసుల్లో ప్రస్తావన ఉన్నందున మన ఇళ్లలో దాని మీద గౌరవం ఎక్కువ. హకీములు దాని పుల్లలు, గింజలు ఏరివేసి, ఆకును బాదం నూనెతో తడిపి, గులాబీ రేకులు జత చేసి, కడుపులో నొప్పి పుట్టకుండా కొద్ది రోజులకే ఇచ్చేవారు. అదే సునాముఖి ఇవాళ 'సన్నబడే టీ' పొట్లాల్లో దొరుకుతోంది. నిఖా దగ్గర పడిందని ఆడపిల్లలు నెలల తరబడి తాగుతున్నారు. విరేచనమై పోయేది ఒంట్లో నీరు, లవణాలే గాని కొవ్వు కాదు. విరేచనాలతో పొటాషియం పడిపోతే ఏమవుతుందో పైన మా ఆపా సంగతిలో చూశారు.

గిన్నె విషయం కూడా చెప్పాలి. రాగి, ఇత్తడి పాత్రలకు లోపల కళాయి పూత లేకుండా మన పెద్దలు వంట చేసేవారు కాదు. వీధుల్లో 'కళాయి... కళాయి' అని అరుస్తూ తిరిగే మనిషి ఇప్పుడు అరుదైపోయాడు. నానీల నాటి రాగి గిన్నెలు మాత్రం అటకల మీంచి దిగుతున్నాయి. పూత అరిగిన రాగి గిన్నెలో ఆలూబుఖారా, నిమ్మ, చింతపండు వంటి పుల్లని వస్తువులు వేసి కాచితే రాగి కరిగి కషాయంలోకి దిగుతుంది. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పూతలో తగరంతో పాటు సీసం కలిపి ఉంటే ఆ హాని పిల్లల మెదడు దాకా వెళ్తుంది. సత్తు గిన్నె కూడా పులుపుకు తగదు. మంచి స్టీలు గిన్నె గాని, రంగు పూతలు లేని మట్టి పిడత గాని చాలు.

పసిబిడ్డల సంగతి మరీ ముఖ్యం. జోషాందాలో తేనె కలిపి చంటిపిల్లలకు నాకించే అలవాటు మనలో ఉంది. తేనెలో షిఫా ఉందని మన విశ్వాసం, అందులో సందేహం లేదు. అయితే ఏడాది నిండని బిడ్డ పేగులకు, తేనెలో ఉండగల బొట్యులిజం బీజాలను ఎదుర్కొనే శక్తి ఇంకా రాదు. ఆ బీజాలు వేడి కషాయంలో కలిపినా చావవు. ఏడాది నిండేదాకా తేనె వద్దని వైద్యులందరూ ఒకే మాటగా చెబుతున్నారు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఘుట్టీలు, కషాయాలు, చివరికి నీళ్లు కూడా అవసరం లేదు. బిర్యానీలో వేసే అనాసపువ్వును కడుపునొప్పికని టీ కాచి పసిపిల్లలకు పట్టడం కొన్ని దేశాల్లో అలవాటు. చూడటానికి అచ్చం అలాగే ఉండే జపాను రకం విషపూరితమైనది. అది కలిసిన టీ తాగి పిల్లలు మూర్ఛల పాలైన మీదట, 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ టీలే తాగవద్దని ప్రజలను హెచ్చరించింది. వేడి నీళ్లతో కాచిన టీయే ఆ పిల్లలను దెబ్బతీసింది.

కరోనా రోజులు ఇంకా మనకు గుర్తే. 2020 ఏప్రిల్‌లో మన చిత్తూరు జిల్లాలోనే, ఉమ్మెత్త కాయలు కరోనాను ఆపుతాయన్న వీడియో నమ్మి, వాటిని తీసుకున్న పలువురు ఆసుపత్రి పాలయ్యారు. తిప్పతీగ కషాయం ఇంటింటా మరిగింది. ముంబైలో దాన్ని వాడుతూ కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను వైద్యులు 2021లో ప్రచురించారు. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి అలాంటివే 43 కేసులు నమోదై వెలువడ్డాయి. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన మరో తీగ పొరపాటున కలిసి ఉండవచ్చుననీ ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. వాదం ఎటు తేలినా మనకు రెండు పాఠాలు మిగులుతాయి. తీగను గుర్తుపట్టలేనివాడు దాన్ని కోయరాదు. జబ్బు లేనివాడు నెలల తరబడి మందు తాగరాదు.

ఇది చదివి కొందరు సోదరులు, "అంటే అల్లోపతి మాత్రలకు దుష్ఫలితాలు లేవా?" అని అడుగుతారని మాకు తెలుసు. ఉన్నాయి. అందుకే వాటి పెట్టె మీద మోతాదు, గడువు, హెచ్చరిక అచ్చు వేస్తారు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోకి ఆయుర్వేద, యునానీ మందులను 1964 సవరణతో తెచ్చారు. ఉమ్మెత్త, కుచ్లా, బీష్ వంటి విష ద్రవ్యాలకు ఇ-1 అనే ప్రత్యేక జాబితా ఉంది. అవి కలిసిన తయారీ మందు మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి. కాని పచారీ కొట్టులో కాగితంలో చుట్టి ఇచ్చే విడి మూలికకు లేబులేదీ? అక్కడ మన జాగ్రత్తే లేబులు.

మరికొందరు, "ఇదంతా పాతకాలపు చాదస్తం, పారేయండి" అంటారు. వారితోనూ మేము ఏకీభవించము. తూకం, శుద్ధి, ముస్లిహ్, తాజాగా కాచడం, రోజుల లెక్క, మిజాజ్ పరీక్ష... ఇవన్నీ మన పెద్దలు ప్రాణభయంతో నేర్చుకున్న జాగ్రత్తలు. అవి కూడా చాలని చోట ఇవాళ్టి పరిశోధన చెప్పే మాట వినడం వారి దారి తప్పడం కాదు. హకీములకు రక్తంలో పొటాషియం కొలిచే సాధనం లేదు. ఉండి ఉంటే కొలిచేవారే. మందును వదలకుండా జాగ్రత్తలను వదిలిన మనమే సంప్రదాయాన్ని సగానికి కోసేశాం.

మరి ఏం చేయాలి? బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు ములేఠీకి దూరంగా ఉండండి. మిగిలినవారు కూడా అయిదారు రోజులు దాటనీయకండి. మూలికలు తెలిసిన దుకాణంలో, పేరు చెప్పి, విడివిడిగా తూకంతో కొనండి. బూజు వాసన వస్తే డబ్బు పోయిందని చూడకుండా పారేయండి. చక్కెర వ్యాధి ఉన్నవారు పొడి జోషాందా పొట్లాల్లో చక్కెర ఎంత ఉందో చూసుకోండి. రోజూ మాత్రలు వాడేవారు కషాయం సంగతి డాక్టరుకు చెప్పండి, డాక్టరు మాత్రల సంగతి హకీంకు చెప్పండి. మనకు చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి, కర్నూలులో అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉంది. చదువుకున్న హకీములు అందుబాటులో ఉండగా ఫోనులో నుస్ఖాలెందుకు?

ఈ చివరి మాట మాకు మేమే చెప్పుకున్నది. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు, జరిగిన నష్టానికి తానే బాధ్యుడన్న భావం గల దైవప్రవక్త (స) ప్రవచనం అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాల్లో ఉంది. దాన్ని మేము పిల్లలకు ఎన్నోసార్లు పాఠంగా చెప్పాము. ఆపాకు ఫోనులో నుస్ఖా చెప్పిన రోజున మాత్రం అది మా నోటికి గుర్తు రాలేదు. మంచి ఉద్దేశంతో చెప్పామన్నది నిజమే, కాని ఆపా ఆరోగ్యం ఆ క్షణాన మా చేతిలో పెట్టిన అమానత్. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అమానత్ లెక్క తీరిపోదు.

మొన్న ఆపా ఇంటికి వెళ్లాము. పొయ్యి మీద జోషాందా మరుగుతోంది, మనవడికి జలుబట. "ములేఠీ వేయలేదు, నాలుగు రోజులకే కట్టించాను. హకీం గారికి చూపించే తెచ్చాను" అంది, మేము అడగకముందే. పక్కనే అల్మారాలో ఆమె బీపీ మాత్రల చీటీ మీద కొత్తగా ఒక వాక్యం కనిపించింది. "అప్పుడప్పుడు జోషాందా తాగుతాను" అని డాక్టరుకు చూపడం కోసం మనవడి చేత రాయించుకుందట. ప్రతి ఇంటి మందుల చీటీ మీదా ఆ ఒక్క వాక్యం చేరితే ఎన్నో ప్రాణాలు గట్టెక్కుతాయి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. మనకు అప్పగించిన జాగ్రత్తను మనం పాటిద్దాం.